బీరువా తలుపు

మార్చి 3

అన్నయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటుంది వదిన. మిషన్ల మోతకి నీ చెవులు సగం పోయాయి, ఆ విన్న సగానికే జవాబిచ్చి పెట్టేస్తావు. అందుకని నాలుగోసారి మొదలుపెట్టాను.

ఇక్కడి పెద్ద మ్యూజియం వాళ్ళు నా చిత్రాల ప్రదర్శన పెడుతున్నారు. ఒకటీ రెండూ కాదు, ముప్పై ఒకటి. మూడు గదులు. నా ఇరవై రెండేళ్ళ పని. కబురు తెలిసిన దగ్గర్నుంచీ సంతోషం కంటే కంగారే ఎక్కువగా ఉంది. వేరే ఎవరికో రావాల్సింది పొరపాటున నా చిరునామాకి వచ్చిందేమో అనిపిస్తోంది. నవ్వకు.

ప్రదర్శన చూసుకునే ఆవిడ మొన్న నా గదికి వచ్చింది. నీకు గుర్తుందిగా, ఒకప్పుడు దర్జీ పనిచేసుకున్న గది, ఉత్తరపు కిటికీ, నేలలో ఇప్పటికీ గుండుసూదులు దొరుకుతుంటాయి. ఒక్కో నల్ల చిత్రం ముందూ పది నిమిషాలు నిలబడింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, గుసగుసలాడినట్టు అడిగింది: "ఇంత నలుపులో ఇంత వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోంది?" నాకు తెలీదన్నాను. అది నిజమో కాదో ఇంకా తేల్చుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొట్టమొదటి నల్ల చిత్రం మీ ముందుగదిలో ఉందని ఎవరో చెప్పారట. మొదటి గదిలో, ఎదురు గోడ మీద అదొక్కటే ఉండాలంటోంది. ఏప్రిల్ 20న వాళ్ళ మనుషులే వచ్చి, కట్టి, తీసుకెళ్తారు. నువ్వేమీ చెయ్యక్కర్లేదు.

ఒక పత్రికలో నా గురించి వేశారు. ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. ఫోటోలో నా మొహం ఎవరినో నిలదీస్తున్నట్టు ఉంది, పట్టించుకోకండి.

నీ చెల్లెలు


మార్చి 11

డౌటమ్మా,

చిన్నప్పుడు రెండూ రెండూ నాలుగంటే "ఎప్పుడూ నాలుగేనా?" అని అడిగినదానివి, మ్యూజియం వాళ్ళు పిలిస్తే అనుమానపడవా మరి. పొరపాటున వచ్చే ఉత్తరంలో ముప్పై ఒకటి అని లెక్క ఉండదు. హాయిగా ఉండు.

వదినకి చెబితే "ఆ నల్లదా?" అంది. అవునన్నాను. "మన గోడ మీది నల్లదేనా?" అంది. మళ్ళీ అవునన్నాను. వెళ్ళి దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ మేకుకి క్యాలెండర్ తగిలిద్దామని ఇన్నేళ్ళుగా నాతో పోట్లాడిన మనిషి!

పత్రిక ముక్క ఆవిడే చదివి వినిపించింది. "నాకు గురువులెవరూ లేరు, ఈ పద్ధతి ఒంటరిగా కనుక్కున్నాను" అని ఉంది. మంచిదే. కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్ళకి కోపం రాదూ? మిగతాదంతా బాగుంది.

నాకు పని ఎక్కువగా ఉంది. ఒక ఆఫీసువాళ్ళ పెద్ద బల్ల, పన్నెండుమంది కూర్చునేది. ఆఫీసరుగారు వచ్చి అద్దంలా మెరవాలన్నారు. "పని చేసుకోవడానికా సార్, తల దువ్వుకోవడానికా?" అన్నాను. నవ్వాడు గానీ, అద్దంలాగే కావాలట.

నీ చిత్రానికి మొన్నటి వానలకి చెమ్మ తగిలి, కింద కుడి మూల తెల్లటి పొగలాంటి పొర లేచింది. ఏమీ చెయ్యక్కర్లేదని రాశావు. అర్థమైందిలే. మొహం కడగకుండా నిన్ను ఎక్కడికైనా పంపించానా?

అన్నయ్య


మార్చి 16

డౌటమ్మా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. కూర్చుని చదువు.

లక్క పాలిష్ మీద చెమ్మ పొర లేస్తే, స్పిరిట్‌లో తడిపిన గుడ్డని ఉందో లేదో తెలియని గాలిలా తగిలించి తీసెయ్యాలి. తగిలీ తగలనట్టు. ముప్పై ఆరేళ్ళుగా చేస్తున్న పని. నువ్వు ఆ నలుపు లక్కలోనే కలిపి వేశావని నాకు తెలుసు, నా డబ్బాలోంచి తీసుకున్నదేగా. అందుకే ధైర్యం చేశాను. ఒకసారి తగిలించాను, తెల్ల పొర పోయింది. అక్కడ ఆపాల్సింది. ఇంకొంచెం నిగనిగలాడితే బాగుంటుంది కదా, నలుగురూ చూసేది కదా అని మరో రెండుసార్లు తిప్పాను. గుడ్డ నల్లగా అయింది.

ఆపేశాను. కానీ అరచేతంత మేర నలుపు నా గుడ్డలోకి వచ్చేసింది.

"నువ్వేమీ చెయ్యక్కర్లేదు" అన్నది మొహమాటానికి అనుకున్నాను. మన ఇంట్లో "నాకేం వద్దు" అంటే ఇంకోసారి వడ్డించమనేగా. నువ్వు నిజంగానే వద్దన్నావని ఇప్పుడనిపిస్తోంది.

వదిన ఫోటో తీసి నీ ఫోనుకి పంపింది. ట్యూబులైటు పడి దాంట్లో ఏమీ తెలియడం లేదు. ఆ నలుపు పోయినచోట ఏదో ఉంది. దాని గురించి రాద్దామంటే నాకు చాతకావడం లేదు. ముందు నువ్వు తిట్టెయ్. తర్వాత చెబుతాను.

అన్నయ్య


మార్చి 22

అన్నయ్యా,

ఫోటో చూశాను. నల్లటి పలక మీద తెల్లటి చిల్లు. రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు.

ఇరవై రెండేళ్ళుగా దాన్నెవరూ ముట్టుకోలేదు. నేను కూడా ముట్టుకోలేదు. తర్వాత చేసిన ముప్పై చిత్రాలూ దాన్నుంచి వచ్చినవే. నాకు ధైర్యం చాలనప్పుడల్లా మీ ముందుగదిలో అది అలాగే ఉందనుకుని పని మొదలుపెట్టేదాన్ని. నువ్వేమీ చెయ్యక్కర్లేదని అంత విడమరిచి రాశానే! నీకు కనబడిన ప్రతిదానికీ పాలిష్ పట్టాలా? అది బల్ల కాదు అన్నయ్యా. బీరువా కాదు.

ఆ చివరి మాట కొట్టేశాను, మళ్ళీ రాశాను. ఎందుకో నీకు తెలీదు. తెలియకపోవడమే మంచిది.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. శుభ్రమైన దుప్పటి కప్పు. ముట్టుకోకు. చూడకు కూడా. ఇక్కడికి చేరాక దాని మీద మళ్ళీ నలుపు వేసి కప్పేస్తాను. అప్పుడు ఒక్క మధ్యాహ్నంలో చేసిన పని, ఇప్పుడూ ఒక్క మధ్యాహ్నం చాలు. ప్రదర్శన ఆవిడకి ఏమీ చెప్పలేదు.

కాలేజీ వాళ్ళ కోపం సంగతి నీకెందుకు? పత్రికలవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు, ఏదో ఒకటి చెబుతాం.

చెల్లెలు


మార్చి 29

డౌటమ్మా,

తిట్లు అందాయి. న్యాయమైనవే. వదిన ఇంకో రెండు కలిపి చదివిందని నా అనుమానం.

దుప్పటి కప్పాను. కానీ చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు. రోజూ పొద్దున్నే, కిటికీ ఎండ ఆ గోడకి చేరే వేళకి తీసి చూస్తున్నాను. నువ్వు ఎలాగూ కప్పేస్తానంటున్నావు కాబట్టి నేను చూసింది చెబుతాను, విను.

అది చిల్లు కాదే. పైన తేనె రంగు ఉంది. అది రంగులా లేదు, పలక లోపల ఎవరో దీపం పెట్టి తలుపు మూసినట్టుంది. కొంచెం పక్కకి జరిగితే తేనె కింద ఎరుపు. ఎండకి ఎదురుగా కళ్ళు మూసుకుంటే రెప్పల వెనక కనిపిస్తుందే, ఆ ఎరుపు. ఇంకా జరిగితే దాని కింద ఆకుపచ్చ. ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. అంచు దగ్గర పొరలు లెక్కపెట్టాను, పద్నాలుగు. ఒక్కొక్కటీ ఉల్లిపొర కంటే పల్చన. నేను బతుకంతా చెక్కకి మెరుపు పైనుంచి తెచ్చాను. లోపల్నుంచి వస్తుందని నాకు తెలీదు. అప్పుడు నా పక్కనే వేశావు గానీ, నా బల్లల మీదే కళ్ళు పెట్టుకుని నేనిది చూడనేలేదు. వదిన గరిటెతో సహా వచ్చి నిలబడిపోయింది. అక్కడ పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆవిడ కదల్లేదు. "ఇదంతా మన ఇంట్లోనే ఉందా?" అంది, అంతే.

ఇంకో సంగతి. పొరల్లో గుడ్డ తిరిగిన దారి కనిపిస్తోంది. అడ్డంగా పడుకోబెట్టిన ఎనిమిది అంకెలా చుట్టలు. పాలిష్ పట్టేవాళ్ళందరూ అలాగే తిప్పుతారనుకో. కానీ నేను సైకిలు మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాక నా చెయ్యి కుడివైపుకి పూర్తిగా తిరగదు. అందుకే నా ఎనిమిదిలో ఎడమ చుట్ట పెద్దది, కుడిది చిన్నది. నేను పట్టిన బల్లని వంద బల్లల్లో గుర్తుపడతాను.

నీ చుట్టలు కూడా అలాగే ఉన్నాయి. నీ మణికట్టు ఎప్పుడూ విరగలేదు కదే?

ఇరవై రెండేళ్ళుగా దాని ముందు కూర్చుని కాఫీ తాగుతున్నాను. నలుపంటే నీకేదో దిగులనుకున్నాను, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఇంత వెలుగుని ఎందుకు మూసేశావు? మళ్ళీ కప్పాలంటే కప్పు, నీ చిత్రం, నీ ఇష్టం. కారణం ఒక్కటి చెప్పు.

అన్నయ్య


ఏప్రిల్ 5

అన్నయ్యా,

నువ్వు అడగకూడదనే ఇన్నాళ్ళూ భయపడ్డాను. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నాకప్పుడు పాతికేళ్ళు. చదువు అయిపోయి, ఏం చెయ్యాలో తేలక నీ వర్క్‌షాపులో వచ్చి కూర్చున్నాను. నువ్వు ఏమీ అడగలేదు. జత తలుపు వంకరపోవడంతో ఒంటిగా మిగిలిపోయిన బీరువా తలుపు నాకిచ్చి, "దీన్నేం చేస్తావో చెయ్యి" అన్నావు. నాలుగు నెలలు నీ పక్కనే నిలబడి పనిచేశాను. నువ్వు రంపంపొట్టు మీద నీళ్ళు చల్లే వాసన, లక్క నానిన వాసన. నా బతుకులో నాకు అనుమానం లేని నాలుగు నెలలు అవే.

ఆ తర్వాత, కళల గురించి రాసే ఒక పెద్దాయన ఊరికి వచ్చారని తెలిసి బతిమాలి తీసుకొచ్చాను. నువ్వు ఎవరింటికో మంచం పాలిష్‌కి వెళ్ళిన రోజు చూసి. కావాలనే ఆ రోజు. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, నవ్వారు. "బాగుంది. మంచి బీరువా తలుపు" అన్నారు.

నేనూ నవ్వాను అన్నయ్యా. అదే నీకు చెప్పలేకపోయింది. ఆయన అన్నందుకు కాదు, ఆయనతో కలిసి నవ్వినందుకు. ఆ గదిలో నీ గుడ్డలూ, నీ డబ్బాలూ, మేకుకి నీ చొక్కా. వాటన్నిటి ముందూ నవ్వాను.

ఆయన వెళ్ళగానే మసి తెచ్చి లక్కలో కలిపి, అంతా కప్పేశాను. మళ్ళీ ఆయన వచ్చి చూసి, ఈసారి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఇప్పుడిది చిత్రం" అన్నారు. నా పేరంతా అక్కణ్ణుంచే మొదలైంది. అప్పట్నుంచీ ప్రతి చిత్రానికీ ముందు ఆ వెలుగంతా వేస్తాను. నెలలు పడుతుంది. తర్వాత నలుపుతో కప్పుతాను. ఎంత పల్చగా రుద్దితే కింద ఉన్నది ఊపిరి తీసుకుంటుందో అంత పల్చగా. వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తోందని ఆవిడ అడిగింది ఆ ఊపిరి గురించే. ముప్పై ఒక్క చిత్రాల కిందా నీ దగ్గర నేర్చుకున్న గుడ్డ పనే ఉంది. గురువులెవరూ లేరని చెప్పింది నీ సంగతి ఎత్తితే ఆ నవ్వు మళ్ళీ వినిపిస్తుందని. అందులో నా గొంతు కూడా ఉంది కదా.

మణికట్టు సంగతి నాకు తెలీదు. ఇక్కడున్న రెండు చిత్రాలూ వెతికి వెతికి చూశాను. నాకేమీ కనిపించలేదు. నన్ను ఓదార్చడానికి రాశావేమో.

ఇప్పుడు నాదొక కోరిక. ఆ నలుపంతా నువ్వే తీసెయ్యి. మొత్తం. ఎక్కడ ఆపాలో నీ చేతికి తెలుసు. ప్రదర్శన ఆ వెలుగుతోనే మొదలవ్వాలి. ఇది మొహమాటానికి చెబుతున్నది కాదు.

చెల్లెలు


ఏప్రిల్ 14

డౌటమ్మా,

వెంటనే రాయలేదు. రెండు రోజులు కోపం వచ్చింది. దాచడమెందుకు, వచ్చింది. ఆ రెండు రోజుల్లో ఆఫీసు బల్ల అద్దంలా తయారైంది. ఆఫీసరుగారు తల దువ్వుకోవచ్చు.

మూడోరోజు నవ్వొచ్చింది. నేను నీకిచ్చింది ఏమిటే? బీరువా తలుపేగా! ఆ పెద్దాయన చెక్కని చూసి గుర్తుపట్టాడు. పైగా మంచిదన్నాడు. నా పనిని అంత పెద్దమనిషి మెచ్చుకున్నాడని ఇరవై రెండేళ్ళ తర్వాతా నాకు చెప్పడం? ముందే చెబితే బోర్డు మీద రాయించుకునేవాణ్ణి.

వదిన మాత్రం ఆయన చిరునామా ఉంటే పంపమంటోంది. పంపకు.

నవ్వినందుకు నేనేమీ అనను. పాతికేళ్ళ పిల్ల, పెద్దమనిషి నవ్వితే నవ్వదూ? నేనూ ఆఫీసరుగారి ప్రతి జోకుకీ నవ్వుతాను.

నీ కోరిక విషయం. గుడ్డ తడిపాను, పలకని కిటికీ పక్కన నిలబెట్టాను. మొదలుపెట్టే ముందు ఎప్పుడూ చేసేదే చేశాను. చెంప పలకకి దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూసి, పక్కనుంచి చూశాను. ఎదురుగా నిలబడితే ఏ పాలిష్ నిజమూ తెలియదు. వెలుతురు వాలుగా పడాలి, కన్ను కూడా వాలుగా ఉండాలి. నీకు కనిపించలేదంటే, ఎదురుగా నిలబడి చూశావన్నమాట.

నలుపులో కూడా ఉన్నాయే. చుట్టలు. ఈ చివర నుంచి ఆ చివరికి, వందలు. ఎడమది పెద్దది, కుడిది చిన్నది. చీమల బారులా, ఒకటి తర్వాత ఒకటి, ఎక్కడా చెయ్యి తడబడలేదు. నేను గుడ్డ కింద పెట్టేశాను.

ఒక మధ్యాహ్నంలో కప్పేశానని రాశావు. నీకు అలా గుర్తుండిపోయింది. నేను పక్కనే ఉన్నాను. తొమ్మిది రోజులు. తిండి కూడా సరిగ్గా తినలేదు, వదిన నీ వెనక కంచం పట్టుకుని తిరిగింది. సిగ్గుతో కప్పేవాళ్ళు ఒక్క పూత వేసి పోతారు. నువ్వు పదకొండు పూతలు వేశావు, ప్రతిదీ ఆరనిచ్చి, రుద్ది, మళ్ళీ వేసి. అలా దేన్ని కప్పుతారో నాకు తెలీదు గానీ, అది దాచడం కాదు. చంటిదానికి దుప్పటి కప్పడం చూశాను, అలా ఉంది.

అందుకని తియ్యను. పైదీ నీ పనే, కిందదీ నీ పనే. నేను చెరిపిన అరచేతంత మేర మాత్రం అంచులు మెత్తగా కలిపాను, గాయంలా కనిపించకుండా, ఎవరో కర్టెన్ కొంచెం జరిపినట్టు. దాన్ని కప్పాలో ఉంచాలో నువ్వు తేల్చుకో. ఇక నేను ముట్టుకోను. ఈసారి నిజంగా.

ప్రదర్శనకి వస్తాం. నా గోళ్ళకి పట్టిన లక్క ఎంత కడిగినా పోదు. అక్కడ ఎవరూ ఏమీ అనరుగా?

అన్నయ్య


జూన్ 2

అన్నయ్యా,

మీరిద్దరూ వెళ్ళి ఐదు రోజులైంది. వదిన నా గదిలో ఏరిన గుండుసూదులు పదిహేడు, వాటిని వేసిన సీసా అలాగే ఉంది.

నువ్వు చూడకుండా వెళ్ళిపోయిన సంగతి ఒకటి చెప్పాలి.

ఆ రోజు మొదటి గదిలోకి రాగానే నువ్వు ఎవరినీ పట్టించుకోకుండా నేరుగా గోడ దగ్గరికి పోయి, చెంప దగ్గరగా పెట్టి, ఒక కన్ను మూశావు. కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకూడదు సార్!" "ముట్టుకోవడం లేదు బాబూ, ముట్టుకుని ఒకసారి దెబ్బతిన్నాను" అన్నావు. తర్వాత నువ్వు రెండో గదిలోకి వెళ్ళిపోయావు.

నేను అక్కడే ఉన్నాను. నీ వెనక నిలబడి చూస్తున్న ఒకావిడ, నువ్వు నిలబడినచోటే నిలబడి, నువ్వు వంగినట్టే వంగింది. "అబ్బ!" అంది, పైకే. ఆమె భర్త వచ్చాడు. తర్వాత ఇంకో ఇద్దరు. కాసేపటికి ఆ గోడ పక్కన వరస కట్టారు. చదువుకున్నవాళ్ళు, కళ్ళజోళ్ళవాళ్ళు, అందరూ తల వాల్చి, ఒక కన్ను మూసుకుని. ప్రదర్శన ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయనెవరు?" అని అడిగింది. నాకు పని నేర్పినాయన అన్నాను. నవ్వేమీ వినిపించలేదు. చిత్రం పక్కన ఉండే కాగితం మీద మర్నాడే ఆ మాట చేర్పించాను. నీ పేరుతో సహా.

అరచేతంత మేర కప్పలేదు. కప్పాలా వద్దా అని పెట్టె తెరిచిన రోజంతా దాని ముందు కూర్చున్నాను. సాయంత్రానికి అనుమానం లేదు. నాలో ఒక అనుమానం అలా పోవడం ఎప్పుడూ చూడలేదు, అదెలా పోతుందో చూస్తూ కూర్చున్నాను.

నిన్న ఒక్కదాన్నే వెళ్ళాను. తలకి స్కార్ఫు చుట్టుకున్నాను, కాపలా ఆయన నన్ను గుర్తుపట్టలేదు. చిత్రానికి ఎదురుగా నిలబడితే, దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు: "అక్కణ్ణుంచి కాదమ్మా. ఇటు రండి. గోడకి చెంప ఆనించినట్టు నిలబడాలి. ఆనించకండి. దీన్ని అలాగే చూడాలట."

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"పాలిష్ పనాయన ఒకరు వచ్చి చూపించి వెళ్ళారమ్మా."

చెప్పినచోట నిలబడ్డాను. ఒక కన్ను మూశాను. వెలుతురు వాలుగా పడుతోంది.

ఎడమ చుట్ట పెద్దదే, అన్నయ్యా.

నీ డౌటమ్మ